ఒకే రాయి, రెండు రంగులు

మా బావకి నేనంటే భయం లేదు, మా అక్కంటే ఉంది. ఆ ఒక్క కారణం వల్లనే ఆ పొద్దున గని కంపెనీ ల్యాబు గుమ్మం దాటనిచ్చాడు. ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుంటూ, అరగంట ఇస్తానన్నాడు. అరగంట దాటితే మరదలూ లేదు మన్నూ లేదు, కానిస్టేబుల్ని పిలిచి బయటికి పంపిస్తానన్నాడు.

నాకు అప్పటికే అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. నేను తిన్నగా అతని స్టేషన్ నుంచే వస్తున్నాను. అక్కడ లాకప్పులో ఒక పెద్దమనిషి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఈ కంపెనీలో క్రషర్ దగ్గర రాళ్ళు పిండి కొట్టే పని ఆయనది. ఒంటి మీద ఎప్పుడూ దుమ్మే కనక చిన్నా పెద్దా అందరికీ దుమ్ము మావయ్య. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు వాచి నల్లబడి ఉన్నాయి. ఏమైందని అడిగితే కింద పడ్డాడన్నాడు కానిస్టేబులు. లాకప్పులో పడేంత ఎత్తు ఎక్కడుందయ్యా అంటే గోడవైపు చూశాడు.

నేరం ఒప్పుకున్నట్టు కాగితం సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్ళే లోపు ఆ వాచిన వేళ్ళతోనే సంతకం పెట్టించాలని మా బావ పట్టుదల. పెట్టాడా, ఇక ఆ మనిషి బతుకు అయిపోయినట్టే. ఆయన భార్య తెల్లారకుండానే మా ఇంటికొచ్చింది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. మా ఆయన చీమని తొక్కినా పక్కకి జరిగి చూసుకుంటాడమ్మా అని ఒక్క మాట చెప్పి, గేటు దగ్గర నిలబడింది. ఇప్పుడు కంపెనీ గేటు దగ్గర కూడా అలాగే నిలబడి ఉంది.

చనిపోయింది ల్యాబు పెద్దాయన. రాయిలో రాగి ఎంతుందో తేల్చి చెప్పే మనిషి. ఆయన మాట మీదే కొండలు తవ్వటమో మానటమో జరిగేది. మొన్న పొద్దున తన గదిలోనే, తల వెనక భాగం పగిలి, బోర్లా పడి ఉన్నాడు. పక్కనే దుమ్ము మావయ్య సుత్తి, దాని నిండా రక్తం. ముందురోజు మధ్యాహ్నం ఇద్దరూ గట్టిగా కేకలేసుకోవటం ల్యాబంతా విన్నది. మా బావకి ఇంతకంటే ఏం కావాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

గదిలోకి వెళ్ళగానే నేను కేసు ఎక్కడెక్కడ కుంటుతోందో చెప్పటం మొదలుపెట్టాను. సుత్తి మొహం చదునుగా ఉంటుంది, గాయం మాత్రం గతుకులుగతుకులుగా ఉందని డాక్టరు రాశాడు కదా అన్నాను. అది కోడిగుడ్డు మీద ఈకలు పీకటం అన్నాడు. గాయంలో పసుప్పచ్చటి మెరిసే నలుసులు దొరికాయని, అవే నలుసులు సుత్తి మీదా ఉన్నాయని గుర్తు చేశాడు.

"జీవితమంతా రాగి రాళ్ళు కొట్టిన సుత్తి బావా అది. దాని మీద రాగి నలుసులు కాక ఏముంటాయి? నీ టోపీలో నీ వెంట్రుక దొరికితే నిన్ను కూడా లోపల పడేస్తావా?"

"రక్తం కడుక్కోలేకపోయాడు మరదలా. ఆ సాయంత్రం పంపు చెడిపోయి కంపెనీ మొత్తం మీద కుళాయిల్లో చుక్క నీళ్ళు లేవు. అందుకే సుత్తి అలా వదిలేసి పారిపోయాడు. ఈ ఒక్క ముక్కతో కోర్టులో నా కేసు నిలబడుతుంది."

ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. తర్వాత ఎంత పనికొస్తుందో అప్పటికి తెలియదు.

పెద్దాయన బల్ల ఆయన వదిలినట్టే ఉంది. కళ్ళజోడు, చిన్న చాకు, గరుకు పింగాణీ పలక, కొత్త కొండ నుంచి వచ్చిన పసుప్పచ్చటి రాతి ముక్కలు రెండు. వాటి పక్కన పిడికిలికి నిండుగా సరిపోయే ఇంకో రాయి. అది చూడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. ఒకవైపు నీలం, ఒకవైపు ఊదా, మధ్యలో ఆకుపచ్చ, అచ్చం నెమలి మెడలా మెరుస్తోంది. బావ మనుషులు దాన్ని షోకు వస్తువనుకుని ముట్టుకోలేదు.

నేను ముట్టుకున్నాను. డిటెక్టివుని కాకముందు నేను సైన్సు టీచర్ని. నోటి దురుసు వల్ల ఉద్యోగం ఊడింది కానీ చదివిన సైన్సు ఊడలేదు. చాకు మొనతో ఆ రాయి అంచు నుంచి చిన్న పెచ్చు లేపాను. లోపల ఇత్తడి పసుపు. నెమలి రంగంతా పైన ఉల్లిపొరంత కూడా లేదు. ఒక మూల మాత్రం విరిగి ఉంది.

కొత్త కొండ రాళ్ళ మీద అదే చాకుతో గీశాను. చాకు జారిపోయింది, రాయి మీద గీత పడలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

పక్క గది క్రషర్. అక్కడ రేకు పళ్ళెంలో, దుమ్ము మావయ్య నాకు లాకప్పు ఊచల వెనక నుంచి చెప్పిన వస్తువు చెప్పినట్టే ఉంది. అరెస్టయిన రోజు నుంచీ దాన్ని ఎవరూ కదపలేదు. దాన్ని చీరకొంగులో చుట్టుకుని వచ్చి, మా బావకి కూడా చూపించకుండా, పెద్దాయన అల్లుణ్ణి పిలిపించమన్నాను.

అల్లుడు కంపెనీకి భూగర్భ నిపుణుడు. కొత్త కొండలో రాగి ఉందని కనిపెట్టింది అతనే. మొన్న పొద్దున శవాన్ని మొదట చూసింది కూడా అతనే. వాచ్‌మన్‌తో కలిసి తలుపు తీసి, వాచ్‌మన్‌ని పోలీసులకి ఫోన్ చెయ్యమని పంపించి, వాళ్ళొచ్చేదాకా గదిలో ఒక్కడే ఉన్నాడు. మనిషి ఇస్త్రీ చొక్కాలో నీటుగా ఉన్నాడు. అతని వెనకే భార్య, అంటే పెద్దాయన ఒక్కగానొక్క కూతురు, వచ్చింది. తండ్రి పోయాక ఆ గదిలోకి ఆమె రావటం అదే మొదలు. కుర్చీ చూపిస్తే ముందు రుమాలుతో దాన్ని రెండుసార్లు తుడిచి కూర్చుంది. ఆమెకి శుభ్రం పిచ్చని, సబ్బుని కూడా కడిగి వాడుతుందని పెద్దాయన నలుగురిలో నవ్వేవాడట.

ఆ రోజు ఆమె కళ్ళలో నిప్పులున్నాయి. నేను ఎవరి తరఫున వచ్చానో తెలిసిపోయింది.

"ఆ మనిషి భుజాల మీద ఎక్కి ఆడుకున్నాను నేను. మావయ్యా మావయ్యా అని వెంట తిరిగాను. మా నాన్నని చంపినవాడి కోసం వాదించటానికి మీకు సిగ్గు లేదూ? ఉరి తీస్తే ఆ తాడు నేను లాగుతాను."

ఆ కోపం న్యాయమైనదే, పడుతున్న చోటే తప్పు. అల్లుడి వైపు తిరిగాను.

చివరిసారి మావగారిని ఎప్పుడు చూశారంటే, ఆ సాయంత్రం డ్యూటీ దిగే వేళకి పిలిస్తే వచ్చానన్నాడు. రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయానని, తను వెళ్ళేసరికి దుమ్ము మావయ్య సుత్తి పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడని చెప్పాడు. చూసినట్టు చెప్పాడు. బావ నా వైపు విన్నావా అన్నట్టు చూశాడు. అప్పుడు బల్ల మీద ఏమేం ఉన్నాయని అడిగాను. కళ్ళజోడు, చాకు, కొండ రాళ్ళు, ఈ రాయి అన్నాడు.

"ఈ రాయేనా? ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉందండీ. నెమలి రంగులో మెరుస్తూ. ఆయన చేతిలో పట్టుకుని నాకు చూపించాడు కూడా. దీన్ని బోర్నైట్ అంటారు, మీకు తెలియకపోవచ్చు."

"బాగా గుర్తుందా?"

"నేను భూగర్భ నిపుణుణ్ణండీ. రాయిని చూస్తే మర్చిపోను."

ఆ మాటతో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒకడు లాకప్పులో వేళ్ళు విరిగి కూర్చుంటే, ఇంకొకడు ఇస్త్రీ చొక్కాలో కూర్చుని నాకు పాఠం చెబుతున్నాడు. పాఠం తప్పు చెబుతున్నాడు. క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని.

చాకుతో లేపిన పెచ్చు అతని ముందు పెట్టాను. బోర్నైట్‌ని విరిస్తే లోపల ఎర్రగోధుమ రంగు ఉంటుంది. ఇది ఇత్తడి పసుపు. దీని పేరు చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం బరువులో దాదాపు మూడు సమానపాళ్ళు. ప్రపంచంలో రాగి ఎక్కువగా దీన్ని కరిగించే తీస్తారు. కొలిమిలో గంధకం పొగై లేస్తుంది, దాన్ని పట్టి యాసిడ్ చేస్తారు. ఇనుము చిట్టెమై పైకి తేలుతుంది. మిగిలిన రాగి మన ఇంట్లో కరెంటు తీగ అవుతుంది, ఫ్యాను మోటారులో చుట్ట అవుతుంది. రాగి గని దగ్గర బతికేవాడు దీన్ని తన చెప్పుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. నిపుణుడుగారు గుర్తుపట్టలేదు.

తర్వాత కొత్త కొండ రాళ్ళు, చాకు అతని చేతికిచ్చి గీయమన్నాను. అతను గీయలేదు, బావ లాక్కుని గీశాడు. చాకు జారింది. నెమలి రాయి మీద గీశాడు. గాటు పడింది.

"పైరైట్ బావా ఆ కొండదంతా. ఇనుమూ గంధకమూ తప్ప రాగి పేరుకి కూడా లేదు. పైన పటారం లోన లొటారం. ఈ గట్టి రాళ్ళు వేసి వేసి క్రషర్ దవడలు అరిగిపోతున్నాయి, మీ అల్లుడు పంపించేది రాగి రాయి కాదు అని దుమ్ము మావయ్య పెద్దాయనతో చెప్పాడు. ల్యాబంతా విన్న గొడవ అదే. అల్లుణ్ణి అంటే ఏ మావగారికైనా కోపం వస్తుంది, కేకలేశాడు. కానీ తర్వాత చాకు తీసి గీసి చూసుకున్నాడు. చూసుకుని ఈయన్ని పిలిచాడు. పెద్దాయన ఆ మాట బయట అంటే ఈయన ఉద్యోగం ఊడినట్టే."

అల్లుడు లేచి నిలబడ్డాడు. తనకి చదువు రాదని నిరూపించినంత మాత్రాన హంతకుణ్ణి చేస్తారా అని బావని అడిగాడు. ఆ మాటలో న్యాయం కూడా ఉంది, అందుకే బావ నసిగాడు. అరగంట అయిపోయిందన్నాడు. తెలివితక్కువతనం నేరమైతే సగం ఊరిని లోపలేయాలన్నాడు. నేను సగం స్టేషన్నే లోపలేస్తే చాలన్నాను. కానిస్టేబుల్ని పిలవటానికి నోరు తెరిచాడు.

అప్పుడు కొంగు విప్పి, క్రషర్ పళ్ళెంలో దొరికిన రాయి బల్ల మీద పెట్టాను. ఇత్తడి పసుపు రాయి, అదీ పిడికిలి నిండా ఉంది. దాన్నీ, నెమలి రంగు రాయినీ పగిలిన వైపులు కలిపి నొక్కాను. గతుకులో గతుకు కూర్చుని రెండూ ఒక్క రాయి అయ్యాయి. విరిగిన మూల ఒక్కటే ఖాళీ, ఆ ముక్కలే గాయంలో దొరికిన నలుసులు.

పెద్దాయన కొత్త కొండ రాళ్ళని పాత గని రాగి రాయితో పోల్చి చూద్దామని ఆ మధ్యాహ్నం పాత గని నుంచి వచ్చిన పెద్ద రాయొకటి పగలగొట్టించాడు. కొట్టింది దుమ్ము మావయ్య. ఒక చెక్క పిండి కొట్టటానికి తీసుకెళ్ళాడు, రెండోది బల్ల మీద పెట్టాడు. ఈ సంగతి స్టేషన్లో మొదటిరోజే చెప్పాడు, వినే చెవి లేదు. ఒకే రాయి, ఒకే దెబ్బకి విడిపోయిన రెండు చెక్కలు. ఒకటి ఇప్పటికీ పసుపు. రెండోదానికి నెమలి రంగు ఎలా వచ్చింది?

పెద్దాయన కూతురు ఇంతసేపూ నన్ను తినేసేలా చూస్తున్నది కాస్తా, ఆ పసుపు చెక్కని చూస్తోంది. దుఃఖమనుకున్నాను.

ల్యాబు కడిగే గదిలో బ్లీచింగ్ పొడి డబ్బా ఉంది, పంపు బాగయి కుళాయిలో నీళ్ళూ వస్తున్నాయి. గాజు గ్లాసులో ఆ పొడి నీళ్ళలో కలిపి, పసుపు చెక్క నుంచి కొట్టిన చిన్న ముక్క అందులో వేశాను. అందరం నిలబడి చూశాం. మొదట ఏమీ కాలేదు, బావ పెదవి విరిచాడు. కాసేపటికి పసుపు మాసి ముదురు బంగారు రంగయింది. తర్వాత ఒక అంచు నుంచి ఊదా పాకింది, దాని వెనక నీలం. గ్లాసులో నెమలి మెడ కనిపించింది.

"ఈ రాయి బుద్ధే అంత. బ్లీచింగ్ తగిలితే రంగు మారుతుంది. రక్తం పోవటానికి మనుషులు వాడేదీ బ్లీచింగే. నీళ్ళు లేవన్నావు కదా బావా, ఇక్కడ చుక్క నీరు లేదని నీ కేసంతా దాని మీదే నిలబెట్టావు కదా. మరి ఈ రాయి ఎక్కడ స్నానం చేసొచ్చింది?"

బావ మొహం మాడిపోయింది. మాడినా బుర్ర పనిచేసింది. సుత్తికి రక్తం పూసి పడేసి, రాయిని బయటికి తీసుకెళ్ళి కడిగి, పొద్దున తెచ్చి పెట్టారు, అని తనలో తాను అన్నాడు. రాయి మాయమైతే దేంతో కొట్టారో తెలిసిపోతుంది, సుత్తి మీద నేరం నిలబడదు. అందుకే తెచ్చి పెట్టాలి. పొద్దున గదిలో ఒంటరిగా ఉన్నది ఎవరు. ఆ ప్రశ్న పైకి అడగకుండానే అల్లుడి వైపు చూశాడు.

"ఆ సాయంత్రం ఈ రాయి పసుపుగా ఉంది," అన్నాను నేను. "నెమలి రంగులో ఉండగా మీ మావగారు దీన్ని చూడనే లేదు. చూసింది మీరు, మర్నాడు పొద్దున. మట్టి పోయి అసలు రంగు బయటపడిందనుకున్నారు. ఆ రంగుకి పేరేమిటో పుస్తకంలో వెతుక్కున్నారు. రాయి తెలిసినవాడెవడూ, ఆ దుమ్ము మావయ్యతో సహా, దీన్ని బ్లీచింగ్‌లో ముంచడు."

అల్లుడు నవ్వాడు. "ఈ చేతులతో ఏ రోజూ నేను గ్లాసు కూడా కడగలేదు, మా ఇంట్లో బ్లీచింగ్ డబ్బా ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు, కావాలంటే నా భార్యని అడగండి," అన్నాడు. దొరికిపోయినవాడు ఎక్కడో ఒకచోట నోరు జారతాడు, కానీ ఇంత నిర్లక్ష్యంగా జారటం నేను చూడలేదు. భార్య తన మాట దాటదని అంత నమ్మకం.

నేను ఆమె వైపు చూశాను. ఆమె మమ్మల్ని చూడటం లేదు. గ్లాసులో ముక్కని చూస్తోంది. కట్టుకున్న నీలం చీర కొంగు మీద, చిమ్మినట్టు తెల్లటి మచ్చలున్నాయి. వచ్చినప్పుడే అవి నా కంటబడ్డాయి. దుఃఖంలో ఉన్న మనిషి ఏ చీర దొరికితే అది కట్టుకుందనుకున్నాను. నా సైన్సు తగలెయ్య.

ఆమె గొంతులో ఇందాకటి మంట లేదు.

"ఎర్రమట్టి అంటుకుంది, కడిగి పెట్టు, పొద్దున్నే తీసుకెళ్ళాలి అన్నావు."

అల్లుడు ఆమె పేరు పెట్టి పిలవబోయాడు. బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీళ్ళతో పోలేదు. బ్రష్షుతో రుద్దాను. సందుల్లోది రాలేదు. అందుకని బకెట్లో బ్లీచింగ్ వేసి రాత్రంతా నానబెట్టాను. నేను వేసినప్పుడు పసుపుగా ఉంది. పొద్దున నేను లేచేసరికి నువ్వు తీసుకుని వెళ్ళిపోయావు." ఆమె తన రెండు చేతులూ ఒళ్ళో తిప్పి చూసుకుంది. "మా నాన్నని నేను బ్రష్షుతో రుద్ది కాలవలో పోశాను."

అల్లుడు ఏదో అన్నాడు, అది ఎవరికీ వినిపించలేదు. బావ కానిస్టేబుల్ని కేకేశాడు, కానీ నా కోసం కాదు. ఆ తర్వాత ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. ఆ కాగితం చింపెయ్యమన్నాడు. ముసలాయన్ని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని, వేళ్ళు జాగ్రత్త అని మెల్లగా చెప్పాడు. నా వైపు చూడలేదు. చూసుంటే నేను నాలుగు దులిపేసేదాన్ని, మాటలు నోటిదాకా వచ్చి ఉన్నాయి.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. దుమ్ము మావయ్య భార్య పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉంది. పెద్దాయన కూతురు కూడా ఆమెని చూసింది. చూసి కుర్చీలోంచి లేచింది, గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. వెళ్ళి ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు, నాకూ తెలియలేదు. కుర్చీ తుడవందే కూర్చోలేని ఆ మనిషి, రాతి దుమ్ము పేరుకున్న ఆ గచ్చు మీద అలాగే చతికిలబడింది.